ఏడవడానికి పది నిమిషాలు

"ఈ మాట ఎవరిది?" అమ్మ మూడోసారి అడిగింది.

పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆమె నోట ఇంకో మాట లేదు. వంటగది గడపలో కాళ్లు చాపుకుని కూచుంది. పొయ్యి వెలగలేదు. ఒళ్లో తెల్లటి టీషర్టు ఒకటి ఉంది.

అల్లుడు పనిచేసేది బట్టల మీద అక్షరాలు అచ్చువేసే షాపు. రంగు ముద్దయిపోయినవీ, అక్షరాలు వంకర పోయినవీ మూటగట్టి ఇంటికి తెస్తాడు, వేడి గిన్నెలు దించడానికీ గట్టు తుడవడానికీ పనికొస్తాయని. నిన్న తెచ్చిన మూటలో ఈ చొక్కా పైనే ఉంది. అమ్మకి చదువు అంతంతమాత్రం. రాత్రి పాలగిన్నె దించబోతూ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఏడవడానికి ఎంతసేపు ఇస్తారండీ?"

తిప్పి చూస్తే వీపు మీద ఇంకా పెద్ద అక్షరాలు. "పది నిమిషాలు!"

"అదా అత్తా! సినిమాలో మాట," అన్నాడు అల్లుడు, మొహం కడుక్కుని వస్తూ. "భోజనాలయ్యాక అని ఒక సినిమా. వచ్చినప్పుడు వారం కూడా ఆడలేదు. తర్వాత ఏం పుట్టిందో ఏమో, జనానికి పిచ్చి పట్టింది. మన పిచ్చుక పనిచేసే హాల్లోనే నెలకో ఆదివారం వేస్తారు. మెడకి తెల్లగుడ్డలు కట్టుకుని, చెంచాలు పట్టుకుని వస్తారు మహానుభావులు. ఈ మాట వచ్చేసరికి హాలు హాలంతా..."

అతను చేతిలో పళ్లెం ఉన్నట్టు వంగి, మెడ పక్కకి వాల్చి, సన్నటి గొంతుతో ఆ మాట అనేశాడు.

ఎవరూ నవ్వలేదు.

అతని భార్య పిచ్చుక అద్దం ముందు జడ వేసుకుంటోంది. పిచ్చుక అనేది వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు. ముప్పై నాలుగేళ్లొచ్చినా ఇంట్లో అదే పిలుపు. జడ మూడు పాయలూ వేళ్ల మధ్య అలాగే ఉండిపోయాయి.

"ఎవరంటారు సినిమాలో?" అంది అమ్మ.

"వంటమనిషి అత్తా. పెద్దింట్లో విందు జరుగుతుంటుంది. ఆవిడ మొగుడు అదే ఇంట్లో డ్రైవరు. కారు షెడ్డులో నిచ్చెన మీంచి పడి..."

ఆ ముక్క గొంతులోనే ఆగిపోయింది. మామగారిని అతను చూడలేదు. పెద్దింట్లో డ్రైవరుగా ఉండేవాడనీ, షెడ్డులో నిచ్చెన మీంచి పడి పోయాడనీ పెళ్లిచూపులప్పుడే విన్నాడు. అత్తగారు ఆ ఇంట్లోనే ముప్పై ఏళ్లు వంట చేసిందనీ తెలుసు. ఆ సినిమాని రెండుసార్లు చూసిన మనిషికి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఇంతవరకూ రాలేదు.

"ఆ మాట నాది," అంది అమ్మ.

వీధిలో ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్న చప్పుడు.

"ఆ రోజు డాక్టరుగారితో కలిపి పద్దెనిమిది మంది అతిథులు," అంది అమ్మ, చొక్కాతోనే చెబుతున్నట్టు. "దీపాల తీగలు కట్టేవాడు రాలేదని మీ మామయ్యని నిచ్చెన ఎక్కించారు. పడ్డాడని నాకు ఎవరూ చెప్పలేదు. సూపు వడ్డించి వచ్చా. అమ్మగారు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. మీ ఆయన పోయాడు, డాక్టరుగారు చూశారు, వడ్డన మాత్రం మధ్యలో ఆపకు అంది. ఏమనాలో నాకు తెలీలేదు బాబూ. ఏడవడానికి ఎంతసేపు ఇస్తారండీ అన్నా. ఎకసెక్కానికి కాదు. నిజంగానే అడిగా. పొయ్యి మీద పాలున్నాయి."

"పది నిమిషాలంది," అంది మళ్లీ.

అల్లుడు తల దించుకున్నాడు. ఇందాక పళ్లెం పట్టినట్టు వంచిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి దాచుకున్నాడు.

"ఇరవై మూడేళ్లలో దీన్ని ఒక్క మనిషికే చెప్పాను," అంది అమ్మ. ఇప్పుడు కూతురి వైపు చూసింది.

పిచ్చుక నీళ్లు నమిలింది. "అమ్మగారు చెప్పి ఉంటుంది. చినబాబు వాళ్ల అబ్బాయే కదా, సినిమా తీసింది ఆయనే. తల్లి చెప్పింది రాసుకుని ఉంటాడు."

"అమ్మగారికి ఇది గుర్తుంటుందా? ఉప్పు తక్కువైన కూర గుర్తుంటుంది గానీ."

"మరి నాకేం తెలుసమ్మా!"

"తెలీకపోతే జడ ఎందుకు వదిలేశావు?"

పాయలు విడిపోయి వీపు మీద పడి ఉన్నాయి. పిచ్చుక వాటిని పట్టుకోబోయి మానేసింది. గోడకి ఆనుకుని కిందికి జారి కూచుంది.

"నేనే చెప్పాను," అంది.

అమ్మ చొక్కా మీది అక్షరాల మీద వేలు పెట్టింది.

"పన్నెండేళ్ల కింద. చినబాబు చదువు ముగించుకుని వచ్చాడు కదా, పెరటి మెట్ల మీద కూచుని అందరితో కబుర్లు చెప్పేవాడు. చిన్నప్పుడు కలిసి ఆడుకున్నవాళ్లమేగా. నాన్న పోయిన రోజు మీ అమ్మ ఏమందని అడిగాడు. చెప్పాను. అతను నవ్వాడు. వెటకారంగా కాదమ్మా, అయ్యో అన్నట్టే నవ్వాడు. అతను నవ్వితే..." ఆమె వేలితో నేల మీద గీసింది. "నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. సినిమా అవుతుందని నాకేం తెలుసు?"

"హాల్లో ఉద్యోగం ఎప్పుడు ఇప్పించాడు?" అడిగాడు భర్త, నెమ్మదిగా.

"సినిమా అయ్యాక."

"ఓహో."

"ఓహో ఏమిటి? అమ్ముకున్నాననుకుంటున్నావా నేను?"

"నేనేమీ అనుకోవడం లేదు. రెండుసార్లు నా పక్కన కూచుని ఆ సినిమా చూశావు. పొట్ట పట్టుకుని నవ్వాను నేను. ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా, అది మా అమ్మ అని?"

"నువ్వు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఏమని చెప్పమంటావు? ఆపు, మా నాన్న చచ్చిపోయాడక్కడ అని చెప్పనా?"

"చెప్పాల్సింది!"

"చెబితే? వందల చొక్కాలు అచ్చేశావే, ఆపేసేవాడివా?"

ఆపేసేవాడు కాదని ముగ్గురికీ తెలుసు. షాపు అతనిది కాదు.

అమ్మ చొక్కా మడత పెట్టింది. నాలుగు మడతలు, అక్షరాలు లోపలికి పోయేలా. మోకాళ్ల మీద చేతులు వేసి, గడప పట్టుకుని మెల్లిగా లేచింది.

"ఇవాళ ఆదివారమే కదా. ఆట ఎన్నింటికి?"

"అమ్మా, వద్దు."

"ఎన్నింటికని అడిగా."

"పన్నెండుకి. ఇవాళ మామూలు ఆట కాదమ్మా. సినిమాకి పదేళ్లు నిండాయని పండగలా చేస్తున్నారు. చినబాబు కూడా వస్తాడు. నువ్వు చూడలేవు."

"చేసినదాన్ని," అంది అమ్మ. "చూడలేనా?"

*

హాలు దాకా రెండు వీధులు. ముగ్గురూ నడిచే వెళ్లారు. దారి పొడుగునా అల్లుడు అత్తగారి మోచెయ్యి పట్టుకునే ఉన్నాడు. పిచ్చుక నాలుగడుగులు ముందు నడిచింది. హాలు వెనక తలుపులోంచి లోపలికి పోయి, నీలం కోటు తొడుక్కుని, గేటు దగ్గర తన చోట నిలబడింది.

పదేళ్లుగా ఇదే చోటు. టికెట్టు అందుకోవడం, సగం చింపడం, సగం వెనక్కివ్వడం. ఈ ఆట ఉన్న ఆదివారాలు ఆమె లోపలికి చూడదు. చూడక్కర్లేదు. ఏ నవ్వు ఎప్పుడు వస్తుందో తలుపు ఇవతల నుంచే చెప్పగలదు. చిన్న నవ్వు వచ్చిందంటే అతిథులు దిగారు. చప్పట్లు వచ్చాయంటే నిచ్చెన విరిగింది. కేకలు వచ్చాయంటే అమ్మ మాట. ఎవరికైనా ఇది అలవాటవుతుందా అంటే, అయింది. అదే ఆమెని ఇప్పుడు తినేస్తోంది.

జనం వస్తున్నారు. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లు. మెడల్లో తెల్లగుడ్డలు, చేతుల్లో చెంచాలు. మంచి పిల్లలే. టికెట్టు చింపినందుకు థాంక్సండీ అంటారు. హాల్లో చెత్త వెయ్యరు. పేదవాళ్ల మీద జాలి ఉన్నవాళ్లు. పెద్దింటివాళ్లని తిట్టే సినిమా కాబట్టే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

అమ్మ వరుసలో వచ్చింది. కూతురికి టికెట్టు ఇచ్చింది. కూతురు సగం చింపి ఇచ్చింది. ఇద్దరూ ఎరగనివాళ్లలాగే ఉన్నారు.

వెనకున్న ఒకమ్మాయి అమ్మని చూసి మురిసిపోయింది. "బామ్మగారూ! మీరు కూడానా? అయ్యో, మీ దగ్గర గుడ్డ లేదే!" తన సంచిలోంచి తెల్లగుడ్డ తీసి, అమ్మ వద్దనేలోపే మెడకి కట్టేసింది. చేతిలో ఒక చెంచా పెట్టింది. "వంటమనిషి మాట వచ్చినప్పుడు ఇలా కుర్చీ మీద కొట్టాలి. మేం నేర్పిస్తాంలెండి."

"సరేనమ్మా," అంది అమ్మ.

పిచ్చుకకి చేతిలో టికెట్లు కనిపించలేదు కాసేపు.

*

తలుపులు మూశాక ఆమె లోపలికి వచ్చి చివరి వరుస వెనక, గోడ దగ్గర నిలబడింది. చేతిలో టార్చి. మధ్య వరుసలో అంచు కుర్చీ అమ్మది, పక్కన తన భర్తది. అమ్మకి అవతలి పక్కన దారి, దారికి అటువైపు ఖాళీ కుర్చీలు.

తెర మీద అమ్మగారి ఇల్లు. అసలు ఇంటికంటే పెద్దది, అన్నీ తళతళలాడుతున్నాయి. అతిథులు దిగారు, చిన్న నవ్వు. నిచ్చెన విరిగింది, చప్పట్లు. డ్రైవరు వేషం వేసినతను పడే తీరుకి ఎవరికైనా నవ్వొస్తుంది. కాళ్లు రెండూ పైకి లేచి, దీపాల తీగ ఒంటికి చుట్టుకుని, పడ్డాక కూడా రంగురంగుల దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి.

భోజనాల బల్ల దగ్గరికి పనివాడొకడు పరిగెత్తుకొచ్చి డాక్టరు చెవిలో చెబుతాడు. డాక్టరు చెంచా దించడు.

"ప్రాణం ఉందా?" అంటుంది ఇంటావిడ.

"ఉంటుంది కాసేపు. తీపి వచ్చేసరికి ఉండదు. ఇప్పుడు లేస్తే సూపు చల్లారిపోతుంది," అంటాడు డాక్టరు.

హాలు గొల్లుమంది. చెంచాలు టకటకలాడాయి. తర్వాతి ముక్కలో షెడ్డు. దీపాల మధ్యనుంచి డ్రైవరు చెయ్యి ఒకటి మెల్లిగా లేచి, గాల్లో ఎవరినో వెతుకుతున్నట్టు వేళ్లు ఆడించి, మళ్లీ వాలిపోతుంది. మళ్లీ లేస్తుంది. లేచిన ప్రతిసారీ బల్ల దగ్గర ఒక కొత్త గిన్నె మూత తీస్తారు. జనం ఆ లెక్క బిగ్గరగా చెబుతున్నారు. ఒకటి! రెండు! మూడు!

పిచ్చుకకి ఈ ముక్క మామూలే. చినబాబు అల్లిన కల్పనల్లో ఇది మరీ మోటుదని ఎప్పుడూ అనుకునేది. నాన్న పడీ పడగానే పోయాడు. అమ్మ చెప్పిందదే.

కానీ ఈ చీకట్లో అమ్మ తల ముందుకు వంగింది. చెయ్యి చాచి అల్లుడి మణికట్టు పట్టుకుంది.

ఆ తర్వాత అమ్మ మాట వచ్చింది. మూడు వందల గొంతులు ఒక్కసారిగా అడిగాయి. మూడు వందల గొంతులు జవాబు చెప్పాయి. చెంచాల మోతకి నేల అదిరింది. అమ్మ అటు చూడనేలేదు. అల్లుడి చెవిలో ఏదో అడుగుతోంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ ఊపాడు.

పిచ్చుక టార్చి ఆర్పి, దారివెంట దిగి వచ్చి, అమ్మ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూచుంది.

"ఏమైంది?"

"డాక్టరు లేచాడా అని అడుగుతోంది," అన్నాడు భర్త. "బల్ల దగ్గర్నుంచి లేచి చూసొచ్చాడా అని. లేవలేదు అత్తా అని చెబుతున్నా."

అమ్మ కూతురి తలని దగ్గరికి లాక్కుంది. జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. అమ్మ ఊపిరి చెవికి తగిలింది.

"ఆ చెయ్యి సంగతి నేను నీకు చెప్పలేదు," అంది. "ఆ రోజు తర్వాత ఎవరికీ చెప్పలేదు. ఆ పది నిమిషాలూ షెడ్డులోకి పోయి ఆయన చెయ్యి పట్టుకున్నా. వేడిగా ఉంది. నా వేలు పట్టుకున్నాడే. గట్టిగా పట్టుకున్నాడు. పరిగెత్తి పోయి అమ్మగారితో చెప్పా. అవి నరాలు, పోయాక కూడా అలా కదుల్తాయి, డాక్టరుగారు చూశాడన్నానుగా అంది. డాక్టరుగారు చూశాడంటే ఇంక నేనేం చూశానని ఊరుకున్నా. పోయి తీపి వడ్డించా."

"అమ్మా..."

"మళ్లీ వచ్చేసరికి చల్లబడ్డాడు. నాకే మతి చెదిరిందనుకున్నా ఇన్నాళ్లూ. చచ్చినవాడు వేలు పట్టుకున్నాడని ఎవరితో చెప్పుకోను?"

తండ్రి చనిపోయిన రోజు తను చేసింది పిచ్చుకకి గుర్తుంది. వెనక గదిలో నిద్రపోయింది. పదకొండేళ్ల పిల్ల, విందుకి వండింది కడుపునిండా తిని.

*

ఆట అయిపోయింది. దీపాలు వెలిగాయి. చినబాబు తెర ముందుకి వచ్చాడు. మామూలు చొక్కా, కళ్లజోడు, జుట్టు కాస్త పల్చబడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అతను చేతులు జోడించాడు.

ప్రశ్నలు అడిగేవాళ్ల దగ్గరికి మైకు తీసుకెళ్లడం పిచ్చుక పని. మేనేజరు ముందే చెప్పి ఉంచాడు. ఆమె వరుస వరుసకీ తిరిగింది. ఇందాక అమ్మకి గుడ్డ కట్టిన అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, పది నిమిషాల మాట అసలు మీకెలా తట్టింది?"

చినబాబు నవ్వాడు. "రాస్తుంటే వచ్చేసింది. కొన్ని మాటలు మనం పిలవకుండానే వస్తాయి."

చప్పట్లు. మైకు పట్టుకున్న పిచ్చుక చేతిని అతను చూశాడో లేదో. చూసినా ముఖంలో ఏమీ మారలేదు. ఆమె వెనక్కి తిరిగేసరికి మధ్య వరుసలో ఇంకో చెయ్యి లేచి ఉంది. మెడలో తెల్లగుడ్డతో, అమ్మది.

పిచ్చుక మైకుని తన వైపే పట్టుకుంది. గుమ్మం దగ్గర మేనేజరు, తొందరగా అన్నట్టు వేళ్లు ఆడించాడు. ఆమె ఇంకో నాలుగు చేతులవైపు చూసింది. అవన్నీ బామ్మగారికే ఇమ్మని సైగ చేశాయి. భర్త లేచి వచ్చి ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాడు. పొద్దున్నుంచి మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. తీసుకెళ్లి అత్తగారి చేతికిచ్చాడు.

అమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"బాబూ," అంది. తన గొంతు హాలంతా వినపడేసరికి ఉలిక్కిపడి కాస్త దూరం జరిపింది. "బాబూ, వంటమనిషి అన్న మాట ఎక్కడిదో నాకక్కర్లేదు. అది ఉంచుకో. ఆ డాక్టరు మాట ఉంది చూడు, లేస్తే సూపు చల్లారిపోతుందని. అది నువ్వు కల్పించావా, విన్నావా?"

జనం హాయిగా నవ్వారు. బామ్మగారు భలే అడిగారని ఎవరో చెంచా మోగించారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు కొందరు.

చినబాబు కూడా నవ్వబోయాడు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని మధ్య వరుసలోకి చూశాడు. ముప్పై ఏళ్లు తనకి అన్నం పెట్టిన మనిషి మెడలో తెల్లగుడ్డతో నిలబడి ఉంది.

నవ్వులు ఎవరూ ఆపమనకుండానే ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"అప్పుడు నాకు పన్నెండేళ్లు," అన్నాడు.

గుమ్మం దగ్గర మేనేజరుకి ఏదో తేడా అనిపించింది. మైకు తీసెయ్యమని పిచ్చుకకి చేత్తో చూపించాడు. రెండోసారి కోపంగా చూపించాడు. పిచ్చుక అతనివైపు చూసింది. నీలం కోటు గుండీలు ఒకటొకటిగా విప్పి, దాన్ని మడిచి పక్క కుర్చీలో పెట్టి, అమ్మ పక్కన వచ్చి నిలబడింది.

"వయసు అడగలేదు బాబూ," అంది అమ్మ.